రెండో నంబర్ మూత మీద మూడు దెబ్బలు

"రెండో నంబర్ మళ్ల కొట్టింది...!"

కేక మిల్లు గేటు కాడ పుట్టి, లేబర్ లైన్ వీధి పొడుగునా ఉరికింది. దాని వెనకనే హాతీరాం ఉరికొచ్చిండు — ఒక కాలికే చెప్పుంది, చేతిల కర్ర లేదు. కాపలా మనిషే గట్ల ఉరికొస్తుంటే ఇంక మిగిలినోళ్ల సంగతి ఏం చెప్పాలె? పిల్లలను లోపలికి గుంజుకున్నరు. తలుపులు దగ్గరికేసిండ్రు. కరెంటు పోయి అప్పటికే రెండు గంటలు దాటింది. వీధి వీధంతా చీకటి ముద్ద.

వీధి మొగదల తన క్వార్టర్ ముంగట కుర్చీ ఏసుకొని కూసున్న ఉదయ్ భాస్కర్ సారు మాత్రం కదల్లే. హాతీరాంను కింది నుంచి మీది దాకా ఒకసారి చూసి నవ్విండు. నవ్వంటే సంతోషం నవ్వు కాదు... చెప్పుకు పేడ అంటితే ఒక చూపు చూస్తం చూడండి, ఆ చూపుకు పండ్లు మొలిస్తే ఎట్లుంటదో గట్ల.

ఈ ముచ్చట నాకు సగం హాతీరాం చెప్పిండు, కొంత సంపూర్ణమ్మ చెప్పింది. సారు మనసుల ఏమున్నదో తర్వాత్తర్వాత సారే పది మందికి చెప్పుకున్నడు. కాబట్టి నా సొంత కల్పన ఇందుల కూరల ఉప్పంత గూడ లేదు.

పాల్వంచ దాటి భద్రాచలం రోడ్డు పట్టుకుంటే, ఊర్లు అయిపోయి అడివి మొదలయ్యే కాడ ఉండేది ఆ చిప్పర్ మిల్లు. రెండు వేల ఏడు నాటి మాట. జామాయిల్ కర్రను ముక్కలు ముక్కలు చేసి కాగితం ఫ్యాక్టరీలకు పంపుతరు. మిల్లుల నాలుగు మిషన్లు. మూడింటికి ఏ పేరూ లేదు. పేరున్నది ఒక్క రెండో నంబర్‌కే, అది గూడ చెడ్డ పేరు.

పొద్దుగూకితే దాని దిక్కు ఎవరూ పోరు. ఆగిపోయిన మిషను కడుపుల నుంచి టక్... టక్... అని సప్పుడొస్తదంట. ఒకాయన తన చెవులతోటి విన్న అంటడు. ఇంకొకాయన, ఆ విన్నాయన మొకం నేను చూసిన అంటడు. పగలు నడుపుతరు, రాత్రి అయితే ఏదో ఒక వంక పెట్టి మూడో నంబర్ కాడికి జారుకుంటరు.

కొట్టేది ఎవరంటే — ఆరోగ్యం.

ఆరోగ్యం ఆ మిల్లు మొదటి ఫిట్టరు. రెండేండ్ల కింద ఒక సాయంత్రం రెండో నంబర్ బాగు చేసి, దాని పక్క బల్ల మీద బీడీ ముట్టిచ్చుకొని కూసున్నడు. కూసున్నోడు కూసున్నట్టే పోయిండు, గుండె ఆగి. బీడీ గూడ సగమే కాలింది.

ఆయన చదివింది ఏడో తరగతి. కానీ పని జేసేటోళ్ల ప్రాణం ఎక్కడుంటదో ఆయనకు తెలుసు. పాత రేకులు కోసి, ఎర్ర రంగేసి, తెల్ల అక్షరాలతోటి తనే బోర్డులు రాసేటోడు. పైన తెలుగు. కింద కోయ మాట, తెలుగు అక్షరాల్లనే. ఎందుకంటే మిల్లుల సగం మంది అడివి ఊర్లోళ్లు. ఆ కోయ మాటలు చెప్పింది దూలయ్య. మిషను సప్పుడుకు చెవులు పోగొట్టుకున్న మనిషి, బడి మొకం చూడనోడు, కానీ తన మాట రేకు మీదికి ఎక్కినంక ఆ రెండు వరుసలు మాత్రం వేలు పెట్టి చదివేటోడు.

రేకు మీద ఉండేది ఇంతే: 'లోపల మనిషి ఉన్నడు. బటన్ ముట్టకు. మూత మీద మూడు కొట్టు. రెండు వినబడితే ఆగు.'

మిషను లోపలికి దిగేటోడు ఆ రేకును స్విచ్చు డబ్బాకు తగిలిచ్చి దిగాలె. దిగినోడే ఎక్కినంక దాన్ని తియ్యాలె, ఇంకొకరు తియ్యొద్దు. బయటోడు బటన్ నొక్కే ముందు మూత మీద మూడు సార్లు కొట్టాలె. లోపల మనిషుంటే రెండు కొడతడు. పదకొండేండ్లు ఆ మిల్లుల ఒక్క వేలు తెగలే.

ఆరోగ్యం పోయిన ఏడాదికి ఉదయ్ భాస్కర్ దిగిండు. యజమాని వెంకటరామారావు గారి అల్లుడు. కోస్తా దిక్కు నుంచి వచ్చి భూములు కొని, మిల్లు పెట్టిన మనిషి వెంకటరామారావు. చేతుల్ల కాయలు కాసినయ్ ఆయనకు. అల్లుడికి మాత్రం చేతిల ఫోను తప్ప ఏం కాయలే. అయినా సేఫ్టీ మేనేజరు అని తలుపు మీద పేరు రాయిచ్చుకున్నడు.

వచ్చిన వారానికే ఆ రేకులు చూసి మొకం చిట్లిచ్చిండు. "ఏంటిది? పశువుల సంతలో పెట్టే బోర్డుల్లా ఉన్నాయి" అన్నడంట. అన్నీ పీకిచ్చి పాత ఇనుము కుప్పల ఏయిచ్చిండు. హైదరాబాద్ నుంచి ముప్పై రెండు బోర్డులు తెప్పిచ్చిండు — పసుపుపచ్చగా, అద్దం లెక్క మెరిసేటియి. పైన ఇంగ్లీషు, కింద హిందీ. రెండు భాషలుండాలంట, రూలంట. ఏ రెండు అని ఎవరన్న అడిగితే కదా.

ఇంగ్లీషు చదివేది మిల్లు మొత్తంల సారు ఒక్కడే. ఆయన మిషన్ల దగ్గరికి రాడు. హిందీ చదివేటోడు వారానికి ఒక లారీ డ్రైవరు వస్తడు. వాడు లారీ దిగడు. తలకు టోపీ పెట్టుకోవాలె అనే బోర్డు కింద సారు క్రాపు దువ్వుకుంట నిలబడి ఫోటో దిగి, మామకు పంపిండు. ముప్పై రెండు బోర్డులకు అంతకు మించి పని పడలే.

మూడు కొట్టుడు, రెండు వినుడు గూడ ఆయన బందు పెట్టిండు. మూఢనమ్మకమంట. రేకులు పోయి, కొట్టుడు పోయిన నెల రోజులకే... రెండో నంబర్ తనంతల తాను కొట్టుడు మొదలైంది.

సరే, ఆ రాత్రికి వద్దాం.

ఆ రోజు ఆరోగ్యం పోయి సరిగ్గ రెండేండ్లు. సంపూర్ణమ్మ ఆయన భార్య. పొద్దుగూకంగనే ఇంటి ముంగట జ్ఞాపకార్థ ప్రార్థన పెట్టిచ్చి, మిల్లోళ్లందరికీ అన్నం వండింది. విస్తర్లు కడిగి ఆరబెట్టింది. తర్వాత సారు క్వార్టరు కాడికి వచ్చి, కొంగు భుజం మీదికి గుంజుకొని, మీరు గూడ వచ్చి రెండు ముద్దలు తినాలె అని పిలిచింది.

సారు ఫోను మీద నుంచి కండ్లు తియ్యలే. ఆ పొద్దటి జాములనే మామ ఫోన్ల గట్టిగ అడిగిండు: తెల్లారి ఆరింటికల్ల లోడు బయలెల్లాలె, రెండో నంబర్ రాత్రి ఎందుకు నడవదు, దెయ్యమని నాకు చెప్తవా, నీతోటి కాదంటే చెప్పు నేనే వస్త — అని. అల్లుడి గుండెల ముల్లు అదే. ఆ రాత్రి మిషను తిరగకపోతే తెల్లారి నుంచి ఆ ఇంట్ల ఆయన మాటకు విలువ లేదు.

"ఎనిమిదికి కరెంటొస్తుంది. రెండో నంబరు తిరిగాకే తిండి. అప్పటిదాకా ఎవరూ కూర్చోకూడదు," అన్నడు.

సంపూర్ణమ్మ సరే అని తల ఊపింది. పోతా పోతా ఆగి, "దూలయ్య ఒక్కడు ఇంక రాలే సారూ. పొద్దు పోయినప్పటి సంది కనబడత లేడు" అన్నది.

"ఎక్కడో తాగి పడుంటాడు. లేస్తే వస్తాడు."

దూలయ్య చుక్క ముట్టడు. ఆ సంగతి సారుకు తెల్వదు. తెల్సుకోవాల్నని గూడ లేదు.

దూలయ్య ఎక్కడున్నడో నేను మీకు చెప్త. సారుకు తెల్వదు, హాతీరాంకు తెల్వదు... రెండో నంబర్ కడుపుల ఉన్నడు.

సాయంత్రం ఐదున్నరకు లావు కర్ర ఒకటి కత్తుల డ్రమ్ముల ఇరికి మిషను ఆగిపోయింది. ఆ వెంటనే కరెంటు పోయింది. అందరూ సంపూర్ణమ్మ ఇంటి దిక్కు నడిచిండ్రు, కట్టె ఇరికిన సంగతి సారు దాకా పోలే. దూలయ్య నడవలే. పెద్దాయన ఆరోగ్యం దినం నాడు ఆయన మిషను గొంతుల కట్టె పెట్టుకొని ఉండుడు ఎందుకని అనుకున్నడంట. పాత ఇనుము కుప్ప నుంచి ఏడాది కింద ఒక రేకు దాచిపెట్టుకున్నడు. దాన్ని తెచ్చి స్విచ్చు డబ్బాకు తగిలిచ్చిండు. చెవుల్ల దూది పెట్టుకున్నడు, నోట్ల చిన్న టార్చి కరుచుకున్నడు, కింది తలుపు నుంచి లోపలికి పాకి, ఉలితోటి కర్రను చెక్కబట్టిండు.

హాతీరాం గస్తీకి వచ్చి చూసింది అదే. చీకట్ల, రెండేండ్ల కింద చచ్చిన మనిషి చేతి రాత రేకు... మళ్ల స్విచ్చుకు ఏలాడుతున్నది. లోపల్నుంచి టక్... టక్. మంచిగున్న రోజుల్ల అయితే ఆ రేకు చూడంగనే లోపల మనిషి ఉన్నడని తెలిసేది. కానీ ఏడాది సంది ఆ రేకులు లేవు కదా. రేకు కనబడితే రేకు రాసినాయనే యాదికొచ్చిండు. ఇంక చెప్పెక్కడ పోయిందో, కర్రెక్కడ పోయిందో.

ఎనిమిదింటికి కరెంటు వచ్చింది.

"పద" అన్నడు సారు హాతీరాంతోటి. "మీ దెయ్యాన్ని చూపించు. అందరినీ రమ్మను. అందరూ చూడాలి."

ముప్పై మంది దాకా వచ్చి షెడ్డు గుమ్మం కాడనే నిలబడ్డరు. లోపలికి ఒక్కడు అడుగు పెట్టలే. షెడ్డుల ఒక్కటే బల్బు, అది గూడ దుమ్ము పట్టి గుడ్డిగ ఎలుగుతున్నది. జామాయిల్ ఘాటు. ఎక్కడా ఏ సప్పుడూ లేదు...

సారు ఒక్కడే నడిచిండు. బూట్ల కింద కర్ర ముక్కలు కరకరమంటున్నయ్. హాతీరాం పది అడుగులు వెనక.

స్విచ్చు డబ్బా కాడ రేకును చూసిండు. రెండు వేళ్లతోటి పట్టుకొని గుంజిండు. గుమ్మం దిక్కు తిరిగి ఎత్తి చూపిచ్చిండు.

"ఇదేనా మీ దెయ్యం? చచ్చినవాడు రేకులు రాస్తాడా?"

ఆయన రేకును కర్ర ముక్కల కుప్ప మీదికి విసిరిండు. అది జారి, బోర్ల పడ్డది. వేలు ఆకుపచ్చ బటన్ దిక్కు పోయింది.

"సారూ..." హాతీరాం గొంతు గుసగుస లెక్కనే ఉంది. "కొట్టి చూడండి. మూడు సార్లు. పెద్దాయన ఉన్నన్నాళ్లు కొట్టకుండ ఎవరూ ఆ బటన్ ముట్టలే."

సారుకు నవ్వొచ్చింది. ఆ ముప్పై మందిని చూస్తే జాలి గూడ కాదు, వెగటు పుట్టింది. వీళ్లను పెట్టుకొనా నేను మిల్లు నడపాలె అనుకున్నడు. సరే, వీళ్ల ముంగటనే కొట్టి, వీళ్ల ముంగటనే నడిపిస్త, రేపటి నుంచి నోరెత్తరు అనుకున్నడు. జేబుల నుంచి బండి తాళాలు తీసి, ఆటలాడినట్టు కొట్టిండు.

టక్. టక్. టక్.

చెవి మీద చెయ్యి పెట్టుకొని వింటున్నట్టు నటన చేసిండు.

...

టక్... టక్.

గుమ్మం కాడ ఎవరో 'యేసయ్యా' అన్నరు. మంది మంది అంతా ఒక్క అడుగు వెనకకు పోయిండ్రు.

సారు మాత్రం ఇంక పెద్దగ నవ్విండు. "విన్నారుగా? అది ఇనుము. వేడెక్కిన ఇనుము చల్లారేటప్పుడు ముడుచుకుంటుంది, చప్పుడు చేస్తుంది. ఇన్నాళ్లూ మీరు భయపడ్డది దీనికే. పదో తరగతి పిల్లాడికి తెలుసు."

చెప్పాలె కాబట్టి చెప్తున్న — ఆయన అన్నది అబద్ధం కాదు. ఏడాది సంది వాళ్లు విన్న సప్పుళ్లల్ల చానా మటుకు అదే. పగలంతా తిరిగి కాగిన ఇనుము పొద్దుగూకినంక చల్లారుకుంట చేసే సప్పుడే. తెలివి లేదని కాదు ఆయనకు. ఉన్న తెలివి ఎదుటోళ్లను గడ్డి కింద జమ కట్టనీకే ఖర్చయ్యేది.

గట్ల చెప్పుకుంటనే, మిషను తనదే అన్నట్టు, ఎడమ చెయ్యి మూత మీద ఆనిచ్చిండు. కుడి చెయ్యి వేలు బటన్ మీదికి...

ఆగింది.

మూత చల్లగున్నది.

కుండల నీళ్ల లెక్క చల్లగున్నది. మిషను ఆగి రెండున్నర గంటలు. చల్లారాల్సిన వేడి దాంట్ల ఎప్పుడో అయిపోయింది. చల్లారి పడున్న ఇనుము ఇంక ఎందుకు ముడుచుకుంటది?

ఆ లెక్క ఆయన తలకాయలనే పుట్టింది, ఎవరూ చెప్పలే. గుమ్మం దిక్కు చూడకుండ, ఎవరికీ వినబడకుండ, గోటితోటి మెల్లగ కొట్టిండు. ఒకటి... రెండు... మూడు.

టక్... టక్.

మళ్ల రెండే. సరిగ్గ రెండు. ఇనుముకు లెక్క రాదు కదా.

సారు చెయ్యి మూత మీద నుంచి తనంతల తాను లేచింది. ఒక అడుగు వెనకకు ఏసిండు. ఇంకొకటి. మూడో అడుగు మాత్రం అడుగు కాదు... ఉరుకుడు. షెడ్డుల పరుగెత్తరాదని ఇంగ్లీషుల, హిందీల రాసున్న తన పసుపుపచ్చ బోర్డు కింద నుంచే ఉరికిండు. గుమ్మం కాడ మందిని తోసుకొని, జామాయిల్ మొద్దు తట్టుకొని, మోకాళ్ల మీద పడ్డడు.

దెయ్యమంటే నమ్మని మనిషి మోకాళ్ల మీద ఉన్నడు. దెయ్యమంటే చచ్చేంత భయపడే హాతీరాం మాత్రం... ముంగటికి నడిచిండు.

కుప్ప మీద బోర్ల పడ్డ రేకును తీసి, లుంగీతోటి తుడిచి, మళ్ల స్విచ్చుకు తగిలిచ్చిండు. మెయిన్ స్విచ్చు కిందికి గుంజి కరెంటు బందు చేసిండు. కింది తలుపు దిక్కు వంగిండు.

"హాతీరాం, వద్దు..." అని కింద నుంచే అన్నడు సారు. "లోపల ఏదో ఉంది."

హాతీరాం తిరిగి చూడకుండనే అన్నడు: "దెయ్యమైతే తలుపు తీస్తే ఏమైతది సారూ, పోతది. మనిషైతేనే కదా చస్తడు."

తలుపు గుంజిండు.

ముందు ఒక ఉలి వచ్చింది. తర్వాత రెండు చేతులు. తర్వాత తెల్లగ దుమ్ము కొట్టుకపోయిన తలకాయ, నోట్ల టార్చి, చెవుల్ల దూది... దూలయ్య పాక్కుంట బయటికొచ్చి, ముప్పై మందిని చూసి బిత్తరపోయిండు. టార్చి నోట్ల నుంచి తీసి, "కట్టె ఊడింది" అన్నడు. "అన్నం అయిపోయిందా?"

షెడ్డు షెడ్డంతా ఒక్కసారి నవ్వు. కొందరు నవ్వుకుంటనే ఏడ్చిండ్రు. బటన్‌కు, సారు వేలుకు మధ్యల ఎంత జాగ ఉండెనో చూసిన కండ్లు కదా అయి. సంపూర్ణమ్మ వచ్చి దూలయ్య నెత్తి మీది దుమ్ము కొంగుతోటి దులిపింది.

సారును ఎవరో లేపి నిలబెట్టిండ్రు. మోకాలు చిట్లి నెత్తురు కారుతున్నది. మనిషే అని తెలిసినంక ఆయన మొకానికి కొంచెం రంగు వచ్చింది. రంగుతోటే పాత గొంతు గూడ వచ్చింది. దూలయ్య చెవిల దూది గుంజి పడేసి, లోపల ఉన్నవాడివి నేను కొట్టినప్పుడు అరవచ్చుగా, నువ్వు కొట్టిన ఆ రెండు దెబ్బలు ఎవరికి అర్థమవుతాయని అరిచిండు.

దూలయ్యకు సగం వినబడలే. హాతీరాం చేతులతోటి సైగ చేసి చెప్పిండు: సారు మూత మీద కొట్టిండు, నువ్వు విని తిరిగి కొట్టినవ్.

దూలయ్య తల అడ్డంగ ఊపిండు.

"నాకు ఏ కొట్టుడూ వినబడలే. నా చెవుల సంగతి మీకు తెల్వదా? ఉలి సప్పుడే నాకు వినబడదు." భుజం మీద చెయ్యేసుకొని చూపిచ్చిండు. "వెనక నుంచి ఈడ తట్టినవ్ కదా. మూడు సార్లు. నేను రెండు కొట్టిన. కొంచెం ఆగి మళ్ల మూడు తట్టినవ్, మళ్ల రెండు కొట్టిన. నువ్వే లోపలికి వచ్చినవేమో అనుకున్న హాతీరాం."

నవ్వు ఆగింది.

ఆ డ్రమ్ముల ఒక్క మనిషి పడుకుంటే ఇంకొక మనిషి చెయ్యి గూడ పట్టదు. అది అక్కడున్న అందరికీ తెలుసు. హాతీరాం అయితే మూతకు పది అడుగుల ఇవతల ఉన్నడు. ముప్పై మంది చూసిండ్రు.

సంపూర్ణమ్మనే అన్నది, మెల్లగ, వంటింట్ల ఏదో యాదికొచ్చినట్టు:

"ఆయన అంతే. దూలయ్యను పిలవాల్నంటే ఎన్నడూ నోటితోటి పిలిచేటోడు కాదు. భుజం మీద తట్టేటోడు."

ఇంక ఆమె ఆ మాట పొడిగియ్యలే. కూర చల్లారిపోతున్నది, రండి అని ముంగట నడిచింది.

ఆ రాత్రి రెండో నంబర్ తిరగలే. తిప్పమని సారు అననూ లేదు. తెల్లారి లోడు లేటయింది, మామ ఫోన్ల అన్ని మాటలు అన్నడు, సారు అన్నీ విన్నడు. వారం తిరగకుండనే పాత ఇనుము కుప్పల నుంచి రేకులన్నీ లేచి మిషన్ల మీదికొచ్చినయ్. పసుపుపచ్చ బోర్డులు గూడ దండగ పోలే, కోళ్ల గూడుకు మంచి కప్పు అయినయ్.

కానీ అవన్నీ తర్వాత. ఆ రాత్రి మాత్రం సంపూర్ణమ్మ ఇంటి ముంగట రెండు వరుసలు విస్తర్లు ఏసింది. దూలయ్య ఒక పక్క, హాతీరాం ఒక పక్క, పిల్లలు, ఆడోళ్లు, రెండు షిఫ్టులోళ్లు... అందరూ కూసున్నరు. సారుకు కుర్చీ తెస్తమంటే వద్దన్నడు. కింద కూసుంట అన్నడు. అయితే వరుసల ఎంత జాగున్నా కూసోలే. అటు చూసి, ఇటు చూసి, ఇంటి గోడ కాడికి పోయి, రెండు భుజాలు గోడకు గట్టిగ ఆనిచ్చి — వెనక ఈగ దూరే సందు గూడ లేకుండ — అప్పుడు కూసున్నడు.

సంపూర్ణమ్మ ఆయన విస్తరిల అన్నం పెట్టింది. అందరూ తినుడు మొదలుపెట్టిండ్రు.